స్కూబా జాకెట్‌లో గాలి మీట ఎప్పుడు నొక్కాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అన్నా, నమస్కారం. పోయిన నెల విశాఖ సముద్రంలో మొదటిసారి స్కూబా డైవింగ్ చేశాను. చిన్నప్పుడే వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నాను కాబట్టి నీళ్లంటే భయం లేదు. అక్కడ నా నడుముకు 10 కిలోల సీసం కట్టారు. దిగితే రాయిలా మునిగిపోతున్నాను, జాకెట్‌లో కాస్త గాలి నింపితే పైకి లేచిపోతున్నాను. చివరికి ఆరేడు మీటర్ల లోతు నుంచి అదుపు తప్పి ఒక్కసారిగా పైకి వచ్చేశాను. మీట ఎంతసేపు నొక్కాలి?

జవాబు (వరంగల్ నుంచి):
తమ్ముడూ, మీట సంగతి తర్వాత. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టావా? బావిలో మునిగేవాళ్లందరికీ అదే అలవాటు, నాకూ ఉండేది. బావిలో గట్టు మీద పీల్చిన గాలితోనే మునుగుతాం, పైకి వస్తే అది తిరిగి మొదటి పరిమాణానికే వస్తుంది. స్కూబాలో వీపున కట్టుకున్న సిలిండర్ నుంచి, లోతులో ఒత్తిడి మీదున్న గాలిని పీలుస్తాం. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన ఊపిరి పైకి చేరేసరికి రెండింతలవుతుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. కాబట్టి నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. పైకి వచ్చాక ఛాతీలో నొప్పి, తిమ్మిర్లు ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఇక నీ అసలు ఇబ్బంది సీసం అనిపిస్తోంది. బావిలో నడుముకు కట్టుకునే ఎండు సొరకాయ బుర్ర గుర్తుందా? అది గట్టిది, మునిగినా లోపలి గాలి కుంచించుకుపోదు. జాకెట్ సంచి మెత్తనిది. 4 కిలోల సీసం అదనంగా ఉంటే దాన్ని మోయడానికి సుమారు 4 లీటర్ల గాలి నింపాలి. 10 మీటర్ల దగ్గర నింపిన ఆ 4 లీటర్లు 5 మీటర్లకు వస్తే 5 లీటర్లు దాటుతాయి, నీటి మట్టానికి 8 అవుతాయి. నిన్ను పైకి లాగింది ఆ గాలే. సీసం ఎంత తక్కువైతే జాకెట్‌లో గాలి అంత తక్కువ, నిలకడ అంత ఎక్కువ.

దిగే ముందు జాకెట్ గాలంతా వదిలి నిటారుగా నిలబడు. మామూలు ఊపిరితో ఒక్క క్షణం ఆగితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే నెమ్మదిగా మునగాలి. సిలిండర్ నిండుగా ఉంటే ఇంకో 2 కిలోలు కలపాలి, ఎందుకంటే లోపలి గాలికీ బరువుంది, వాడేకొద్దీ సిలిండర్ తేలికవుతుంది. ఈత కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. ఉప్పు నీరు ఎక్కువ తేలుస్తుంది, మనిషీ సామగ్రీ కలిపి 100 కిలోలైతే తేడా రెండున్నర కిలోల దాకా ఉంటుంది.

మీట ఒక్కో క్షణమే నొక్కి, రెండు మూడు ఊపిరులు ఆగి చూడు. ఫలితం వెంటనే తెలియదు, ఆ తొందరలోనే అందరూ ఎక్కువ నింపేస్తారు. పైకి వచ్చేటప్పుడు జాకెట్ గొట్టం ఎత్తి పట్టుకుని జాకెట్‌లోని గాలి వదులుతూ రావాలి, నిమిషానికి 9 మీటర్లు దాటకుండా.

ప్రశ్న:
మీట ఇరుక్కుపోయి గాలి దానంతట అదే నిండుతూ ఉంటే ఏం చేయాలన్నా?

జవాబు:
ఒక చేత్తో జాకెట్‌లోని గాలి వదులుతూ, రెండో చేత్తో జాకెట్‌కు గాలి తెచ్చే సన్న గొట్టం బిగింపు వెనక్కి లాగి ఊడదీయాలి. దానివల్ల నోటికి వచ్చే గాలి ఆగదు, భయపడకు. ఎక్కువగా ఉప్పు పేరుకునే ఆ మీట ఇరుక్కుంటుంది, అందుకే డైవ్ అయ్యాక జాకెట్‌ను లోపలా బయటా మంచినీళ్లతో కడగాలి. గొట్టం ఊడదీయడం శిక్షకుడి ఎదుట, కొలనులో కళ్లు మూసుకుని పదిసార్లు చేసి చూడు. ఈసారి ఎన్ని కిలోలతో సరిపోయిందో ఇక్కడ రాయి.