పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీ సీటా, ఇంటరా?

కొల్లేటికొంగ:
చర్చ కోసం ఒక కేసు పెడుతున్నా. జడ్పీ హైస్కూల్లో చదివిన అమ్మాయి, 600కి 566. తెలుగు మీడియం. ఇంట్లో సగం మంది నూజివీడు ట్రిపుల్ ఐటీ అంటున్నారు, సగం మంది విజయవాడలో ఇంటర్ చదివించి ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ఎంట్రన్స్) రాయిద్దాం అంటున్నారు. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "మా ఊరివాడు అమెరికా వెళ్లాడు" లాంటివి వద్దు.

లెక్కల మాస్టారు:
ముందు 566ని పక్కన పెట్టండి. ఆంధ్రా ఆర్జీయూకేటీలో (ఈ ట్రిపుల్ ఐటీలు నడిపే యూనివర్సిటీ) హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకి 4 శాతం కలుపుతారు. 600కి 24. కాబట్టి ఈ అమ్మాయి 590 మీద పోటీ పడుతుంది. ప్రైవేటు స్కూల్లో 588 వచ్చినవాడు ఈమె వెనకే. గురుకులం పిల్లలకి మాత్రం ఈ 24 రావు, చాలామంది అక్కడే లెక్క తప్పుతారు. మార్కులు సమానమైతే మొదట చూసేది లెక్కలే, అందుకని ఆ మార్కు విడిగా చూసుకోండి.

క్యాంపస్‌లు నాలుగు: నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. ఒక్కో చోట 1000 సీట్లు, ఈడబ్ల్యూఎస్‌కి (రిజర్వేషన్ లేని కులాల్లో పేదలకి) ఇంకో 100. అప్లికేషన్‌లో క్యాంపస్‌ల వరస మీరే పెడతారు. ఆ వరస నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి. పది మొదటిసారికే పాసై ఉండాలి. డిసెంబరు 31 నాటికి 18 నిండకూడదు, ఎస్సీ ఎస్టీలకి 21.

బెజవాడ బాబాయ్:
సీటు వస్తుంది మాస్టారూ, కాదనను. ఏ సీటు అన్నది నా గొడవ. చేరేనాడు మీ చేతికొచ్చేది ఆరేళ్ల కోర్సులో చోటు ఒక్కటే, బ్రాంచి కాదు. మొదటి రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), తర్వాత నాలుగేళ్లు బీటెక్. పీయూసీ అయ్యాక ఆ గ్రేడ్ల మెరిట్ మీద, రిజర్వేషన్ ప్రకారం బ్రాంచి ఇస్తారు. సీఎస్‌ఈ, ఈసీఈ కావాలని అందరూ కోరతారు, కొందరికి సివిల్, కెమికల్, మెటలర్జీ మిగులుతాయి. అక్కడ చేరే ప్రతి పిల్లా తన బళ్లో ఫస్టే. వెయ్యిమంది ఫస్టుల మధ్య నాలుగొందలో స్థానం అంటే ఏమిటో ఇంట్లోవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఇంటర్ దారిలో కాలేజీ, బ్రాంచి రెండూ ఆప్షన్లలో మీరే పెట్టుకుంటారు. కాకినాడ జేఎన్‌టీయూలో మెకానికలా, ప్రైవేటులో సీఎస్‌ఈనా అన్నది పదిహేడేళ్లప్పుడు తేల్చుకోవచ్చు. పదిహేనేళ్లకే తాళం వేయడం దేనికి?

తూర్పుగాలి:
బాబాయ్ గారూ, తాళం అంటున్నారు, దాని ఖరీదు చెప్పలేదు. పీయూసీకి ఏడాదికి 45,000, బీటెక్‌కి 50,000. ఆరేళ్లకి 2,90,000. ఇది ట్యూషన్ ఫీజు మాత్రమే, చేరేటప్పుడు కాషన్ డిపాజిట్, ఇన్సూరెన్స్ విడిగా కట్టాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హులైతే ఈ 2,90,000లో చాలావరకు ఇంటి మీద పడదు. విజయవాడలో పేరున్న కార్పొరేట్ హాస్టల్లో రెండేళ్ల ఇంటర్‌కే ఆ డబ్బు దగ్గర పడుతుంది. అప్పటికి బీటెక్ ఇంకా మొదలే కాలేదు.

పైగా పీయూసీ తర్వాత బయటికి రావచ్చు. అది ఇంటర్‌తో సమానం, ఈఏపీసెట్ రాసుకోవచ్చు.

బెజవాడ బాబాయ్:
రావచ్చు, కాగితం మీద. పీయూసీ నడిచేది సెమిస్టర్ పరీక్షల చుట్టూ, ఎంట్రన్స్ కోచింగ్ చుట్టూ కాదు. రోజూ బిట్లు చేసి వచ్చిన పిల్లలతో ఒకే హాల్లో కూర్చోవాలి. అక్కడ చదివి మంచి ర్యాంకు తెచ్చుకునేవాళ్లు ఉంటారు, సొంతంగా రోజుకి రెండు గంటలు అదనంగా కూర్చోగలిగితే. "నచ్చకపోతే వచ్చేద్దాం" అని చేర్పించకండి.

ఈ అమ్మాయికి డాక్టర్ చదవాలని ఏ మూలో ఉంటే ఇక్కడే ఆగండి. ట్రిపుల్ ఐటీ ఆ దారి కాదు.

గోదారిగట్టు:
బాసర ట్రిపుల్ ఐటీ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. 2008లో మొదలైన మూడింటిలో అదొకటి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి వచ్చింది. దాని నోటిఫికేషన్ వేరు, రూల్స్ వేరు, ఆంధ్రా లెక్కలు దానికి వేయకండి. 2022 జూన్‌లో అక్కడి పిల్లలు వారం రోజులు వానలో కూర్చుని 12 డిమాండ్లు పెట్టారు, వాటిలో రెగ్యులర్ వీసీ (వైస్ చాన్సలర్) కావాలన్నది ఒకటి. ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ప్రభుత్వ క్యాంపస్‌లో సిలబస్ కన్నా పోస్టుల భర్తీయే ముందు కుంటుపడుతుంది. ఏ క్యాంపస్ అయినా కౌన్సెలింగ్ రోజున ఈ రెండూ అడగండి: ఈ బ్రాంచిలో రెగ్యులర్ లెక్చరర్లు ఎందరు, కాంట్రాక్ట్ వాళ్లు ఎందరు? ప్లేస్‌మెంట్లు బ్రాంచి వారీగా ఇస్తారా? "మొత్తం ఇంతమందికి ఉద్యోగాలు" అనే బోర్డులో మెటలర్జీ పిల్లల సంగతి కనపడదు.

పిల్లని దింపడానికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి మెస్ దగ్గర నిలబడండి. క్యూ ఎంత, కూర అడుగంటాక మళ్లీ వండుతున్నారా, తాగునీటి ఫిల్టర్ పనిచేస్తోందా చూడండి. హాస్టల్లో ఫ్లోరుకి ఎన్ని బాత్రూములో లెక్కపెట్టండి. బ్రోషర్‌లో ఇవి ఉండవు.

కొల్లేటికొంగ:
ఇంకో చిక్కు. ఇంటర్ కాలేజీలో ఇప్పటికే చేర్పించారు, ట్రిపుల్ ఐటీ ఎంపిక లిస్టు ఇంకా రాలేదు.

లెక్కల మాస్టారు:
ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఒరిజినల్ టీసీ, మార్కుల మెమో ఇచ్చేసి ఉంటే, వెనక్కి అడిగినప్పుడు కొన్ని కాలేజీలు ఏడాది ఫీజు మొత్తం కట్టమంటాయి. ఈ రోజే వెళ్లి, ఇచ్చిన ఒరిజినల్స్ పేర్లతో రసీదు రాయించుకోండి. ఇంకా పూర్తి ఫీజు కట్టకపోతే మొదటి వాయిదా దగ్గర ఆపండి. కౌన్సెలింగ్‌కి పిలిచిన తేదీన వెళ్లకపోతే సీటు పక్కవాళ్లకి పోతుంది, తర్వాత బతిమాలుకుని లాభం లేదు.

ఫైల్లో ఉండాల్సినవి: నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు (లోకల్ అని తేల్చేది అవే, 85 శాతం సీట్లు లోకల్‌కి), కులం, ఆదాయం కాగితాలు, ఆధార్. ఈడబ్ల్యూఎస్ అయితే ఈ ఆర్థిక సంవత్సరంలో తీసినదే ఉండాలి, నిరుడుది చెల్లదు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా ఇప్పుడే సరిచేయించండి.

తూర్పుగాలి:
తెలుగు మీడియం అన్నారు కదా, నాకు బ్రాంచి కన్నా భయం అక్కడే. పీయూసీ మొదటి సెమిస్టర్ నుంచే అంతా ఇంగ్లీషు. లెక్కలు రాక కాదు, ప్రశ్న అర్థంకాక తప్పి, రెమిడియల్ (మళ్లీ రాసే పరీక్ష) పడే పిల్లలుంటారు. ఆ గ్రేడ్లే రెండేళ్ల తర్వాత బ్రాంచి తేలుస్తాయి కాబట్టి మొదటి సెమిస్టర్‌లో జారితే ఎక్కిరావడం కష్టం. క్లాసులు మొదలయ్యేలోపు పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్ ఇంగ్లీషు మీడియం పుస్తకాలు తెప్పించి, తెలిసిన పాఠాలే మళ్లీ చదివించండి. లంబం, త్వరణం, ద్రవ్యవేగం లాంటి మాటలకి ఇంగ్లీషు జతలు ఓ నోటుబుక్కులో రాయించండి. రోజుకి పది చాలు.

బెజవాడ బాబాయ్:
ఇంటర్‌కి పంపినా ఆ నోటుబుక్కు కావాలి. ఈ ఒక్క ముక్కకి ఒప్పుకుంటున్నా, బ్రాంచి సంగతి మాత్రం వదల్లేదు.