తెలుగు నోట్సు పీడీఎఫ్‌ను టాక్‌బ్యాక్ చదవడం లేదు, ఫోన్ మార్చాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మా తమ్ముడికి పుట్టుకతో చూపు లేదు. డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ. ఫోన్ తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వాట్సాప్, యూట్యూబ్, క్రికెట్ స్కోర్లు నాకంటే స్పీడుగా చూసుకుంటాడు. కానీ కాలేజీ గ్రూపులో వచ్చే తెలుగు నోట్సు తెరిస్తే ఒక ఫైలు అసలు నోరు విప్పదు, ఇంకోటి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిపి ఏదేదో చదువుతుంది. రోజూ రాత్రి నేనే చదివి వినిపిస్తున్నాను. వచ్చే నెల నా పెళ్లి, ఆ తర్వాత ఎలాగని టెన్షన్.

జవాబు: ఫోన్ మార్చకండి అక్కా. నేనూ చూపు లేనివాణ్నే, ఈ గోల బాగా పడ్డాను. నోరు విప్పనిది స్కాన్ చేసిన ఫైలు. అందులో ఉన్నవి పేజీల ఫోటోలే. పిచ్చిగా చదివేది బహుశా 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైప్ చేసింది. మీకు తెరమీద తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉంటాయి. టాక్‌బ్యాక్ చదివేది లోపలున్నదే, పాపం దాని తప్పేం లేదు.

స్కాన్ ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలుగా మారుతుంది. పెద్దదైతే ముక్కలు చేయండి. ఒత్తులు తప్పుతాయి, పట్టికలు చెదురుతాయి. హిస్టరీ కాబట్టి సంవత్సరాలు ఒకసారి సరిచూడాలి. అను పీడీఎఫ్‌ను మాత్రం ముందు పేజీలవారీగా ఫోటోలు చేసి, అప్పుడు డాక్స్‌లో తెరవాలి. నేరుగా తెరిస్తే మళ్లీ అదే పిచ్చి. అసలు వర్డ్ ఫైలే దొరికితే ఇంకా మేలు, అను నుంచి యూనికోడ్‌కు, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఉచితంగా ఉన్నాయి.

ఇంకొకరు: ఫోన్‌లో తెలుగు గొంతు ఉందో లేదో కూడా చూడండమ్మా. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌లోకి వెళ్లి తెలుగు వాయిస్ దించుకోవాలి. ల్యాప్‌టాప్ ఉంటే ఎన్‌వీడీఏ పెట్టండి, అదీ టాక్‌బ్యాక్‌లాగే తెరను చదివే సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు, ఎఫ్ నొక్కితే ఫారంలోని గడి నుంచి గడికి వెళ్తుంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ కూడా బాబు చేతే నింపించండి. బొమ్మలోని అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా వచ్చి, వినిపించే బటన్ లేకపోతే అక్కడొక్కచోట మీరు సాయం చేస్తే చాలు.

అడిగినవారు: డాక్స్ పనిచేసింది అన్నయ్యా! 'శాతవాహనులు' అని స్పష్టంగా చదివింది. వాడు వేగం రెట్టింపు చేసి వింటున్నాడు, నాకైతే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఫోటోలుగా మార్చే పని వాడొక్కడే చేసుకోగలడా?

జవాబు: చేసుకోగలడు అక్కా. రెండు ఫైళ్లు దగ్గరుండి చేయించండి, మూడోది వాడికే వదిలేయండి.