సమస్య: "తండ్రి దారి తప్ప తనయుఁ డలరె"

నిర్వాహకుడు: పొద్దున్నే ఈ పాదం తట్టింది, వదల్లేకపోయా. ఇది చివరి పాదంగా వచ్చేలా పైన మూడు పాదాలు కట్టి పూరించండి. హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు మాత్రం వద్దు, ఇంకేదైనా చూపించండి.

పద్యపిపాసి: రాత్రి మొదటిసారి కూబ్రిక్ తీసిన సినిమా 'ది షైనింగ్' (1980) చూశా. ఖాళీ హోటల్లో పిల్లాడు మూడు చక్రాల బండి తొక్కుతుంటే చెక్కనేల మీద గరగరమని మోత, తివాచీ ఎక్కగానే చప్పుడు లేదు, మళ్ళీ గరగర, ఇంతే, చాలాసేపు ఇంకేం జరగదు కానీ ఆ మలుపు తిరిగితే ఏముందో అని ఊపిరి బిగబట్టి కూర్చున్నా. చివర్లో తండ్రి గొడ్డలితో పిల్లాణ్ణి తరిమే ఆ చిక్కుదారుల తోట రాగానే మీ పాదమే గుర్తొచ్చింది.

మంచు కురియు రాత్రి మలుపుల తోటలో
అడుగులందె వెనుక కడుగు వేసి
గొడ్డలెత్తి తరుమ గుట్టుగా నొదిగెను
తండ్రి దారి తప్ప తనయుఁ డలరె

గోదారిగట్టు: విరుపు అదిరింది, తండ్రి బుద్ధి ఎప్పుడో దారి తప్పింది, ఇక్కడ కాళ్ళు కూడా తప్పాయి. కానీ రెండో పాదంలో యతి ఏదండీ, మొదటి అక్షరానికి పాదం మధ్యలో జోడీ పడాలి కదా? అ-కి క-నా?

లఘువు: వెనుకకు + అడుగు, సంధిలో 'అ' అచ్చు దాగి ఉంది కదా. మొన్న మీ చేపలపులుసు పూరణలో ఇదే పని మీరు చేస్తే అందరం ఆహా అన్నాం.

గోదారిగట్టు: పులుసులో ఆ అచ్చు చెవికి తగిలింది, ఇక్కడ తగల్లేదు. సరే, నా అసలు బాధ 'అలరె' దగ్గర. వాడెక్కడ సంతోషించాడు? అమ్మా అని అరుస్తూ బయటికొచ్చి ఆవిణ్ణి కరుచుకుంటాడు. బండి చప్పుడు అంత చెవిపెట్టి విన్నవాళ్ళు ఇది వదిలేస్తే ఎలా? మూడో పాదం ఇలా ఉండాలి:

తల్లి కౌగిలందె దడలెల్ల దీరంగ

లఘువు: ఇప్పుడు 'అలరె' నిలబడింది, గోదారిగట్టు గారూ, ఇది మీ పులుసు కన్నా చాలా పైన ఉంది. అన్నట్టు ఈ సినిమాకి మూలమైన స్టీఫెన్ కింగ్ 1977 నవల్లో ఆ తోట దారులే లేవు, బాయిలర్ పేలి హోటల్ తగలబడిపోతుంది. కూబ్రిక్ మార్చబట్టే ఈ పూరణ కుదిరింది.

పద్యపిపాసి: కౌగిలి బాగుంది కానీ గొడ్డలి పోయిందే. మరి వాడు వెనక్కి అడుగులేసింది ఎవరికి భయపడి?

గోదారిగట్టు: మొదటి పాదంలో మంచు తీసేసి గొడ్డలి అక్కడ పెట్టండి.

పద్యపిపాసి: మంచు తీసేస్తే ఆ అడుగులు ఎక్కడ పడతాయండీ?