45 డిగ్రీల ఎండకి, గద్దలకి తట్టుకునే పెరటి కోళ్లు ఏవి?

మాది కొత్తగూడెం దగ్గర పల్లె, అడవి అంచున అరెకరం మామిడి తోటలో ఓ ఇరవై కోళ్లు వదిలి పెంచుతాం. పోయిన ఏడాది వనరాజ అనే మెరుగుపరిచిన పెరటి రకం కోడిపిల్లల్ని తెచ్చాం. బరువు బాగానే వచ్చాయి కానీ ఆ బరువే వాటి ప్రాణం మీదకి తెచ్చింది, గద్ద నీడ పడగానే మా నాటు పెట్టలు రివ్వున పొద కిందకి దూరిపోతాయి, ఇవేమో రెండడుగులు వేసి అక్కడే నిలబడిపోతాయి. మే నెల ఎండల్లో నోళ్లు తెరిచి, రెక్కలు వేలాడేసి రొప్పుతుంటే చూడలేకపోయాను. నీళ్ల కుండలు పెట్టాం, తడి గోనెసంచులు కట్టాం, అయినా నాలుగు చచ్చిపోయాయి. కొక్కెర తెగులు కాదు, టీకాలు వేయించాం.

ఈసారి గ్రామప్రియ అనే ఇంకో మెరుగుపరిచిన రకం తెద్దామని అమ్మ అంటోంది. తేలిగ్గా ఉంటుంది, ఏడాదికి 200 దాకా గుడ్లు పెడుతుంది, నిజమే. కానీ అది పొదగదు కదా, ప్రతిసారీ పిల్లల్ని కొనాల్సిందేనా? ఆ గుడ్లని నాటు పెట్ట కింద పెట్టి పిల్లల్ని తీయించినవాళ్లుంటే తర్వాతి తరం ఎలా వచ్చిందో చెప్పండి. అసీల్ (పందెం కోడి జాతి) పెట్ట తల్లిగా బంగారం, గుడ్లే తక్కువ. మెడ మీద ఈకలుండని కోళ్లు వేడికి బాగా ఆగుతాయి, వాటి పిల్లలు ఖమ్మం వైపు ఎక్కడైనా దొరుకుతాయా? దాణా కొనే స్తోమత లేదు, నూకలు, చెదపురుగులే మేత. సంక్రాంతి లోపు తెచ్చుకోవాలి, మీ అనుభవం చెప్పండి ప్లీజ్.