సీరియల్ కన్సోల్‌లో అక్షరాలు వస్తున్నాయి, నేను కొట్టినవి మాత్రం వెళ్లడం లేదు

ఉప్పుగాలి:
విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని నాది. గదుల ఉష్ణోగ్రతలు రాసుకునే డెబియన్ లినక్స్ నడిచే పాత కంప్యూటర్ ఒకటి నెల రోజులుగా వారానికి రెండుసార్లు, అదీ అర్ధరాత్రి దాటాకే, బిగుసుకుపోతోంది. పొద్దున్నే వెళ్లి చూస్తే మానిటర్ నల్లగా ఉంటుంది. దానికి కీబోర్డు పెట్టే చోటు కూడా లేదు. మళ్లీ ఆన్ చేసి లాగ్ చూస్తే చివరి వరుస అమాయకంగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఆఖరి మాట వినాలంటే సీరియల్ కన్సోలే, అంటే దాని మాటలను తీగ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు పంపే ఏర్పాటే, దారి అనుకున్నాను.

వెనక 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. కంప్యూటర్ లేచేటప్పుడు కెర్నెల్‌ను ఎక్కించే గ్రబ్ ఫైలులో కెర్నెల్ వరుస చివర ‘కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8 కన్సోల్=టీటీవై0’ (మొదటిది సీరియల్ పోర్టు, రెండోది మానిటర్) అని చేర్చి అప్‌డేట్-గ్రబ్ నడిపాను. ఇటువైపు నా పాత ల్యాప్‌టాప్, యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, సీరియల్ మాటలు చూపే మినికాం ప్రోగ్రాము. మధ్య తీగకు నేనే టంకం పెట్టాను: 2, 3 పిన్నులు (వినేది, పంపేది) అటూ ఇటూ మార్చి, 5 (గ్రౌండ్) నేరుగా.

కెర్నెల్ వరుసలు వస్తున్నాయి. ఆ తర్వాత సర్వీసులు లేచే వరుసలు మానిటర్ మీదే కనబడుతున్నాయి. చివరికి సీరియల్‌లో లాగిన్ అడుగుతుంది, కానీ నేను కొట్టిన ఒక్క అక్షరమూ వెళ్లదు. కొత్త కంప్యూటర్ కొనేద్దామంటున్నారు మా మేనేజరు. కారణం తెలియకుండా కొంటే అదీ ఇదే దారి పడుతుందని నా భయం.

రాత్రిడ్యూటీ:
మీవి రెండు వేర్వేరు చిక్కులు. మొదటిది నేను చెబుతాను. కన్సోల్ అని ఎన్ని రాస్తే అన్నిటికీ కెర్నెల్ మాట్లాడుతుంది గానీ, చివర రాసినదే ‘/డెవ్/కన్సోల్’, అంటే ప్రధాన కన్సోల్, అవుతుంది. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ మాటలు దానికే వెళతాయి. వరుస తిప్పండి: టీటీవై0 ముందు, టీటీవైఎస్0 తర్వాత. అక్కడే ‘క్వయిట్’ ఉంటే తీసేసి ‘ఇగ్నోర్_లాగ్‌లెవెల్’ (అన్ని మాటలూ చూపించు) పెట్టండి. నోరు కట్టేసి మాట వినిపించలేదంటే ఎలా?

తీగలమేస్త్రి:
రెండోది తీగ దగ్గరే ఉంది. మినికాం మామూలుగా హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంచుకుంటుంది. అవతలి నుంచి 8వ పిన్ను మీద ‘పంపవచ్చు’ అన్న సైగ వచ్చేదాకా మీ అక్షరాలను పట్టి ఉంచుతుంది. మీ మూడు తీగల్లో 8 ఎక్కడిది? కంట్రోల్-ఏ, ఓ నొక్కి, సీరియల్ పోర్టు సెటప్‌లో ఎఫ్ నొక్కితే అది ‘నో’ అవుతుంది. తర్వాత సేవ్ చేయడం మరవకండి.

వేగం తగ్గిస్తే మంచిదని ఎవరైనా చెబితే వినవద్దు. 9600 అంటే సెకనుకు 960 అక్షరాలే, 115200కి 11,520. ఆపదలో కెర్నెల్ గబగబా మాట్లాడుతుంది. రాత్రంతా కాపలా కూర్చోకుండా మినికాంకు పెద్ద ‘సి’ ఐచ్ఛికంతో ఫైలు పేరివ్వండి, వచ్చినదంతా అందులో పడుతుంది. హార్బర్ గాలికి పోర్టు పిన్నులకు చిలుము పట్టి ఉంటుంది, అదీ చూడండి.

ఉప్పుగాలి:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఇద్దరి మాటా నిజమే. ఎఫ్ నొక్కగానే అక్షరాలు వెళ్లాయి. ఆరో రాత్రి దొంగ దొరికాడు. ఫైలు నిండా ‘ఏటీఏ1: హార్డ్ రీసెట్టింగ్ లింక్’ (డిస్కు లింకును మళ్లీ మొదలుపెడుతున్నానని), మళ్లీ అదే, మళ్లీ అదే, ఆ తర్వాత ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్లు. కెర్నెల్ బతికే ఉంది, దాని కింద డిస్కే మాయమైంది. లాగ్ రాసుకునేది ఆ డిస్కు మీదే కదా, అందుకే అందులో ఏమీ మిగల్లేదు! అర్ధరాత్రే ఎందుకంటే, ఒంటి గంటన్నరకు బ్యాకప్ మొదలవుతుంది, డిస్కుకు ఊపిరాడని సమయం అదే.

మూత తీసి, డిస్కును బోర్డుకు కలిపే సాటా తీగ లాగితే, బోర్డు వైపు కొనలో పచ్చటి చిలుము. ద్వారకానగర్‌లో కొత్త తీగ కొని వేశాను. మూడు రాత్రులుగా బ్యాకప్ పూర్తవుతోంది. ఆ కొనకు గ్రీజులాంటిది ఏమైనా పూయవచ్చా?

తీగలమేస్త్రి:
ముందు ఆ కంప్యూటర్‌ను సముద్రం వైపు తలుపు దగ్గర నుంచి జరపండి. తర్వాత చూద్దాం గ్రీజు సంగతి.

ఉప్పుగాలి:
తలుపు దగ్గర ఉందని మీకెలా తెలిసింది?