అప్‌డేట్: పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం లేదు

పోయిన వారం అడిగింది నేనే. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్ పని, ఇంటర్వ్యూ ఉందని జగిత్యాల ఏజెంటు హైదరాబాద్ రప్పించాడు. పొద్దున ఎనిమిది నుంచి మూడింటి దాకా మెట్ల మీద కూర్చోబెట్టారు. లోపలికెళ్తే రెండే ప్రశ్నలు: పేరేంటి, ఎన్నేళ్ల అనుభవం. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చా అని కూడా అడగలేదు. సెలెక్ట్ అయ్యావు, 80 వేలు కట్టు అన్నారు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. కట్టాలా వద్దా అన్నది నా ప్రశ్న.

కట్టలేదు. మీరు చెప్పినట్టే ఈ-మైగ్రేట్ (విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన) సైట్‌లో వెతికాను. రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో మా వాడి పేరు లేదు. అడిగితే, "నేను ముంబై ఆఫీసు తరఫున సబ్ ఏజెంటును" అన్నాడు. ఆ ముంబై ఆఫీసు నంబరు సైట్‌లోనే దొరికింది. ఫోన్ చేస్తే, ఆ దుబాయ్ కంపెనీకి తాము అసలు మనుషుల్ని తీసుకోవడమే లేదన్నారు!

లైసెన్సు ఉన్నవాళ్లు కూడా సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదట. ఈ మాట ఏజెంటుతో అంటే నవ్వాడు. పోలీస్ స్టేషన్‌కు, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) ఆఫీసుకు ఫిర్యాదు రాసి, ఆ కాగితాల ఫొటో వాట్సాప్‌లో పెట్టాక నవ్వలేదు. సాయంత్రానికి మా బావ చేతికి పాస్‌పోర్ట్ ఇచ్చి పంపాడు. మెడికల్ అని తీసుకున్న 6,500 మాత్రం ఇంకా రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు.

ఇప్పుడు టామ్‌కామ్‌లో, అంటే విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థలో, పేరు నమోదు చేసుకున్నాను. పిలుపు వస్తే చెప్తాను.