సొంత పేపర్లతో పోలిక వచ్చినా థీసిస్ వెనక్కి పంపుతారా?

నమస్కారం. తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి తోటల నేలలపై నా పరిశోధన. థీసిస్‌ను పోలిక తనిఖీకి (ఇప్పటికే ఉన్న రచనలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్‌తో చూడటం) ఇస్తే 23 శాతం వచ్చింది. నివేదికలో రంగు పడిన వాక్యాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. చాలా వరకు నేను ప్రచురించిన పేపర్లలోవే. మిగిలినవి మట్టి నమూనా తీసే పద్ధతి, సేంద్రియ కర్బనాన్ని కొలిచే వాక్లీ-బ్లాక్ పరీక్ష వివరాలు.

యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథసూచి, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. సొంత రచననైనా ఆధారం చెప్పకుండా మళ్లీ వాడకూడదని 2020లో యూజీసీ ప్రకటించింది. నేను ప్రతి అధ్యాయంలోనూ ఆధారం చెప్పాను.

అయినా మాటలు మార్చి శాతం తగ్గించుకోమని కొందరు అంటున్నారు. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లూ ఉన్నారట. నాకు మనసొప్పడం లేదు. రసాయనాల పేర్లు, పరీక్ష దశలు అటూ ఇటూ చేస్తే, రేపు చదివేవారు ఆ పరీక్షను మళ్లీ చేయగలరా? నిజాయితీ కోసం పెట్టిన తనిఖీ ఇలా మారిపోతే ఎలా?

మీ విశ్వవిద్యాలయంలో సొంత పేపర్లను మినహాయించారా? అవి నా పేపర్లేనని గైడ్ ఇచ్చే ధ్రువపత్రం సరిపోయిందా? విషయం కాపీ ఆరోపణలను విచారించే శాఖ స్థాయి కమిటీకి వెళ్లకముందే విజ్ఞప్తి ఇవ్వవచ్చా? మీరు ఇచ్చిన విజ్ఞప్తి ఉంటే, పేర్లు తీసేసి దయచేసి పంచుకోండి.